మన్రో దొర, పట్టా కాగితం

మట్టెవాడ వరంగల్ పట్నంలో పాత బస్తీ. అక్కడ ఒక ఇంటి అరుగు మీద సాయంకాలం పూట ఆడవాళ్లు కూడతారు. బీడీల చాటలు పక్కన పెట్టి పుస్తకాలు అందుకుంటారు. అక్షరాలు నేర్చి ఏడాది దాటింది. ఇప్పుడు కూడబలుక్కోకుండానే చదువుతున్నారు.

ఒకనాడు ఒక పెద్దమ్మ కొంగులో చుట్టుకుని ఒక పుస్తకం తెచ్చింది. అది పాఠాల పుస్తకం కాదు. పట్టాదారు పాసు పుస్తకం. ఆమె పెనిమిటి చనిపోయి ఆరు నెలలైంది. ఊళ్లో వాళ్లకు రెండెకరాల పన్నెండు గుంటల చెలక ఉంది. మొన్న మరిది వచ్చాడు. ఒక కాగితం ముందర పెట్టి వేలిముద్ర వేయమన్నాడు.

"ఏం కాయితమో చదువకుండ నేను ఏలు పెట్ట" అన్నది పెద్దమ్మ.

"నువ్వెప్పుడు చదువు నేర్సినవ్ వదినా?" అని మరిది నవ్వాడు. కాగితం అక్కడే వదిలి పోయాడు.

ఆ కాగితాన్ని కూడా పెద్దమ్మ తెచ్చింది. ముందు అందరూ పాసు పుస్తకం చదివారు. పట్టాదారు పేరు. తండ్రి పేరు. ఊరి పేరు. సర్వే నంబరు. విస్తీర్ణం.

"ఈ నంబర్లు ఎవరు పెట్టిన్రు? నిజామేనా?" అని ఒకామె అడిగింది.

వరంగల్ దిక్కు పెట్టింది నిజాం సర్కారే. కాని పొలం కొలిచి, నంబరు వేసి, రైతు పేరు మీద పట్టా రాసే పని తెలుగు నేల మీద ఇంకా ముందే మొదలైంది. అది రాయలసీమలో జరిగింది. దాన్ని నడిపినవాడు ఒక తెల్ల సిపాయి. అతని పేరు తామస్ మన్రో.

ఆకలి తెలిసిన సిపాయి

ఇంగ్లాండుకు ఉత్తరాన స్కాట్లాండ్ అనే చలి దేశం ఉంది. అక్కడ గ్లాస్గో అనే పట్నంలో 1761 మే 27న మన్రో పుట్టాడు. తండ్రి వ్యాపారి. అమెరికా నుంచి పొగాకు తెప్పించి అమ్మేవాడు. అమెరికా జనం ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డారు. యుద్ధం వచ్చింది. పొగాకు ఓడలు ఆగిపోయాయి. తండ్రి వ్యాపారం మునిగింది. కలిగిన ఇల్లు అప్పుల ఇల్లయింది.

అప్పుడు కొడుకు ఈస్టిండియా కంపెనీ పటాలంలో చేరాడు. 1780 జనవరిలో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. చిన్నప్పుడు జబ్బు చేసి చెవి సరిగా వినపడేది కాదు.

ఇండియాకు పోయిన తెల్లవాళ్లంతా బంగారం మూటలతో తిరిగి వస్తారని వాళ్ల దేశంలో అనుకునేవారు. మన్రోకు ఆ మూట దొరకలేదు. 1789లో చెల్లెలికి ఒక ఉత్తరం రాశాడు. ఆకలి, దాహం, అలసట, పేదరికం అంటే ఏమిటో ఈ దేశానికి వచ్చాకే తెలిసిందని అందులో చెప్పుకున్నాడు. పడుకోవడానికి సరైన పరుపు లేదు. పుస్తకమో, తూటాల సంచో తల కింద పెట్టుకునేవాడు. ఇల్లు విడిచి దూరదేశం పోయిన కొడుకులు చాలామంది ఉత్తరాల్లో కష్టం దాస్తారు. ఇతను దాచలేదు.

పన్నెండేళ్లు సిపాయిగానే ఉన్నాడు. మైసూరు హైదరాలీతోను, ఆయన కొడుకు టిప్పు సుల్తానుతోను కంపెనీ చేసిన యుద్ధాల్లో పోరాడాడు. 1792లో టిప్పు ఓడి, సేలం పక్కనున్న బారామహల్ సీమను కంపెనీకి వదిలాడు. ఆ సీమలో శిస్తు లెక్కలు చూడటానికి కెప్టెన్ రీడ్ అనే పటాలం అధికారిని పంపారు. అతని కింద పనిచేయడానికి మన్రో వెళ్లాడు. తుపాకీ పట్టిన చేతికి లెక్కల పుస్తకం వచ్చింది. ఏడేళ్లు పొలాల గట్ల మీద తిరిగి, రైతులతో మాట్లాడి పని నేర్చుకున్నాడు.

నిజాం ఇచ్చేసిన సీమ

1800లో పెద్ద మార్పు వచ్చింది. హైదరాబాదు నిజాం తన రక్షణకు కంపెనీ పటాలాన్ని పెట్టుకున్నాడు. దాని ఖర్చు ఆయనే భరించాలి. రొక్కానికి బదులు భూమి ఇచ్చాడు. టిప్పు నుంచి తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కంపెనీకి రాసిచ్చాడు. దాన్నే దత్త మండలం అన్నారు. రాయలసీమ అనే పేరు 1928లో వచ్చింది. లక్షల మంది బతుకులు చేతులు మారాయి. ఆ జనాన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు.

వరంగల్ నిజాం కిందే ఉండిపోయింది. అందుకే మట్టెవాడ ముసలివాళ్ల కథల్లో మన్రో కనపడడు. ఇక్కడ దొర అంటే గడీలో కూర్చున్న దేశ్‌ముఖ్. అక్కడ మన్రో దొర అంటే కలెక్టరు.

దత్త మండలానికి మొదటి పెద్ద కలెక్టరు మన్రో. 1800 నుంచి 1807 దాకా ఏడేళ్లు చేశాడు. ఆ రోజుల్లో ఆ సీమలో 80 మంది పాళెగాళ్లు ఉండేవారు. ఒక్కొక్కరికి ఒక కోట, కొంత బలగం ఉండేవి. ఊళ్ల మీద పన్ను వాళ్లే వసూలు చేసేవారు. మన్రో వాళ్లను అణిచాడు. కొందరిని వెళ్లగొట్టాడు. కొందరికి నెలకింత అని భరణం ఇచ్చి కోటలు ఖాళీ చేయించాడు. ఇంత కఠినం పనికిరాదని లండన్‌లోని కంపెనీ పెద్దలే అతన్ని తప్పుపట్టారు. అలా భరణం మీద బతికిన ఒక పాళెగాడి వంశంలోనే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పుట్టాడు. అతను 1846లో కంపెనీ మీద తిరగబడ్డాడు. 1847లో అతన్ని ఉరితీశారు.

శిస్తు కట్టమని ఎదురు తిరిగిన ఊళ్లు కూడా ఉన్నాయి. 1801లో ఆదోని దగ్గర తెర్నేకల్లు అలా తిరగబడింది. కంపెనీ పటాలం వచ్చి ఆ ఊరిని కొట్టింది. మన్రో మంచివాడని చెప్పుకునేటప్పుడు తెర్నేకల్లును కూడా చెప్పుకోవాలి.

గొలుసు, గుంట, పట్టా

కలెక్టరంటే బంగళాలో ఉంటాడని అనుకుంటాం. మన్రో ఎక్కువ కాలం డేరాల్లోనే బతికాడు. ఊరి బయట డేరా వేసేవాడు. రైతులను పిలిపించి, ఎవరు ఏ పొలం దున్నుతున్నారో నేరుగా అడిగేవాడు.

అంతకుముందు శిస్తు ఎలా వసూలు చేసేవారు? ఊరికింత అని గుత్తకు ఇచ్చేవారు. గుత్తదారు సర్కారుకు కట్టేది ఒకటి, రైతు దగ్గర గుంజేది ఒకటి. రైతుకు కాగితమే లేదు. తన పొలం ఎంతో గుత్తదారు చెప్పిందే లెక్క. బెంగాల్లో 1793లో కంపెనీ జమీందార్లనే భూమికి యజమానులను చేసింది. 1802 నుంచి సర్కారు జిల్లాల్లోనూ జమీందార్ల పద్ధతి పెట్టింది. మన్రో ఇది వద్దన్నాడు. సర్కారుకూ రైతుకూ నడుమ ఎవరూ ఉండొద్దన్నాడు. దున్నే రైతు పేరు రాసి, అతనికే పట్టా ఇయ్యాలన్నాడు. దీనికే రైత్వారీ అని పేరు.

పట్టా ఇయ్యాలంటే పొలం కొలవాలి. 1802లో కొలత మొదలైంది. అప్పుడు ఆ సీమలో ఈ పని బాగా తెలిసినవాళ్లు నలుగురే. బారామహల్లో పనిచేసిన గుమాస్తాలు వాళ్లు. వాళ్ల దగ్గర ఇంకా ఎందరో నేర్చుకున్నారు. ఇనుప గొలుసు పట్టుకుని పొలం పొలం తిరిగారు. గొలుసు పొడవు 33 అడుగులు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అటు 33 అడుగులు, ఇటు 33 అడుగులు ఉన్న చదరం ఎంత? 1,089 చదరపు అడుగులు. దాన్నే మన దిక్కు గుంట అంటాం. 40 గుంటలు ఒక ఎకరం. పెద్దమ్మ పొలం రెండెకరాల పన్నెండు గుంటలు. అంటే 92 గుంటలు. ఆ పొలంలో 33 అడుగుల చదరాలు 92 ఉన్నాయన్న మాట. ఇంటి ముందర తాడుతో ఒక గుంట కొలిచి చూడండి. కాగితం మీది అంకె కంటికి కనపడుతుంది.

ఇలా కొలిచిన ప్రతి పొలానికి ఒక నంబరు వేశారు. రేగడా, ఎర్ర నేలా, నీళ్లున్నాయా, లేవా అని చూశారు. దాన్నిబట్టి శిస్తు కట్టారు. ప్రతి ఏడూ జమాబందీ అని లెక్క చూసేవారు.

పట్టా వచ్చింది, శిస్తు మిగిలింది

పట్టా చేతికి రాగానే రైతు కష్టం తీరిందా? తీరలేదు. ఎందుకంటే శిస్తు చాలా ఎక్కువ. పండిన పంటలో నూటికి 45 పాళ్ల దాకా సర్కారుకే పోయేది. విత్తనం, ఎద్దులు, కూలి అన్నీ మిగిలిన దాంట్లోనే చూసుకోవాలి. ఆ ఏడేళ్లలో సర్కారు రాబడి ఒకటిన్నర రెట్లయింది. ఆ పెరిగిన సొమ్ము రైతుల గాదెల నుంచి వచ్చిందే.

ఈ సంగతి మన్రోకు తెలుసు. 1807 ఆగస్టులో అతను పైవాళ్లకు ఒక నివేదిక రాశాడు. శిస్తులో రూపాయికి పావలా తగ్గించాలన్నాడు. అప్పుడు సర్కారు వాటా పంటలో మూడో వంతుకు దిగుతుంది. మద్రాసు పెద్దలు ఒప్పుకోలేదు. మన్రో సెలవు మీద తన దేశం వెళ్లిపోయాడు. ఇక్కడ మళ్లీ ఊళ్లను గుత్తకు ఇచ్చారు. గుత్తదార్లు చెడ్డారు, రైతులు చెడ్డారు.

మన్రో ఊరుకోలేదు. లండన్‌లో కంపెనీ పెద్దలకు, పార్లమెంటు సభ్యులకు తన మాట వినిపించాడు. 1814లో జేన్ క్యాంబెల్‌ను పెళ్లాడి మద్రాసుకు తిరిగి వచ్చాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. రైత్వారీ మళ్లీ వచ్చింది. తగ్గింపు కూడా అప్పుడే అమలయింది. పదమూడేళ్ల ఆలస్యం. ఆలోగా ఎన్ని కుటుంబాలు ఎద్దులను అమ్ముకున్నాయో ఏ నివేదికలోనూ లేదు.

మన్రో పోయాక శిస్తు వసూళ్లు మళ్లీ మొరటుగా సాగాయి. సర్కారుకూ రైతుకూ నడుమ ఎవరూ ఉండరని అతను అనుకున్నాడు. కాని నడుమ కరణం ఉన్నాడు, మునసబు ఉన్నాడు, తహసీల్దారు బంట్రోతు ఉన్నాడు. శిస్తు కట్టలేని రైతులను ఎండలో వంగబెట్టి వీపు మీద రాళ్లు పెట్టేవారు. 1855లో సర్కారు వేసిన విచారణ సంఘమే ఇది నిజమని తేల్చింది. రైతుకు చదువు రాదు. పట్టా మీద ఏముందో కరణం చదివి చెప్పాలి. కరణం చెప్పిందే వేదం.

అరవై మంది ఆడపిల్లలు

మన్రో చేయించిన పనుల్లో ఒకటి ఈ పాఠం చదివేవాళ్లకు మరీ దగ్గరిది. 1822లో అతను అన్ని జిల్లాల కలెక్టర్లకు ఒక తాకీదు పంపాడు. మీ జిల్లాలో ఎన్ని బడులున్నాయి? ఎంతమంది చదువుతున్నారు? ఏ కులం వాళ్లు? మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు? లెక్క రాసి పంపండి అన్నాడు.

లెక్కలు వచ్చాయి. మద్రాసు రాజధాని అంతటా 12,498 బడులు ఉన్నాయి. వాటిలో చదివేవాళ్లు 1,88,650 మంది. జనాభా కోటి 28 లక్షల పైన. ఆ చదివేవాళ్లలో ఆడపిల్లలు 4,540 మంది. నలభై మంది పిల్లలను లెక్కపెడితే ఒక్క ఆడపిల్ల.

బళ్లారి జిల్లా లెక్క ఇంకా కళ్లు తెరిపిస్తుంది. అనంతపురం సీమ కూడా అప్పుడు అందులోనే ఉండేది. బడులు 533. పిల్లలు 6,641. అందులో ఆడపిల్లలు 60. అరవై మందే! పేదవాళ్లు పిల్లలను ఎందుకు పంపడం లేదో కూడా అక్కడి కలెక్టరు క్యాంబెల్ రాశాడు. జనం పేదవాళ్లయిపోయారు, పిల్లలు కాస్త చేతికి రాగానే పనికి పెట్టుకుంటున్నారు అన్నాడు.

1826లో మన్రో కొత్త బడులు పెట్టాలని రాశాడు. జిల్లాకు రెండు పెద్ద బడులు, తహసీలుకు ఒక బడి ఉండాలన్నాడు. పని మొదలైంది కాని చాలా కాలం నిలవలేదు. ఆ బడులు కూడా మగపిల్లల కోసమే. పట్టా మగవాడి పేరు మీద, పలక మగపిల్లవాడి చేతిలో. కలుపు తీసే ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

పత్తికొండలో ఆఖరి రోజు

1826లో కొడుకుకు ఒంట్లో బాగాలేక భార్య అతన్ని తీసుకుని ఇంగ్లాండు వెళ్లింది. ఇల్లు బోసిపోయిందని మన్రో ఆమెకు ఉత్తరం రాశాడు. తనూ ఉద్యోగం వదిలి పోవాలనుకున్నాడు. కొత్త గవర్నరు రావడం ఆలస్యమైంది. ఈలోగా పాత సీమను ఒకసారి చూసి వస్తానని బయలుదేరాడు.

దారిలో పటాలంలో గత్తర తగిలింది. గత్తర అంటే కలరా. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరంతా పోతుంది. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగిస్తూ ఉంటే మనిషి బతుకుతాడని ఇప్పుడు మనకు తెలుసు. అప్పుడు డాక్టర్లకు కూడా తెలియదు. 1827 జూలై 6న పత్తికొండలో మన్రోకు జబ్బు చేసింది. ఆ రాత్రికే ప్రాణం పోయింది. గుత్తిలో పాతిపెట్టారు. తరువాత 1831లో మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. పత్తికొండలో అతని పేరు మీద ఒక బావి తవ్వించి తోపు పెట్టారు.

జనం అతని మీద కథలు అల్లుకున్నారు. మంత్రాలయం మఠం మాన్యం విషయం విచారించడానికి పోతే రాఘవేంద్రస్వామి కనపడి మాట్లాడాడంటారు. కడప జిల్లాలో పాపాఘ్ని నది మీద గండి అనే చోటు ఉంది. అక్కడ రెండు కొండల నడుమ బంగారు తోరణం మన్రోకు కనపడిందట. అది కనపడినవాళ్లు ఎక్కువ రోజులు బతకరట. తిరుమలలో ఒక గంగాళానికి మన్రో గంగాళం అనే పేరు ఉంది. పిల్లలకు అతని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. శిస్తు పిండిన సర్కారు మనిషికి ఇంత ప్రేమ ఎందుకు దక్కింది? అతను డేరా ముందు కూర్చోబెట్టి మాట విన్నాడు. అంతకుముందు వచ్చినవాళ్లు వినలేదు. బహుశా అంతే.

ఆ కాలంలో స్కాట్లాండ్ సిపాయిలు చాలామంది కెనడాకు, ఆస్ట్రేలియాకు పోయారు. అక్కడి ఆదివాసుల నేల మీద వందల ఎకరాలు సంపాదించి స్థిరపడ్డారు. మన్రో ఇక్కడ భూస్వామి కాలేదు. వేరేవాళ్ల పొలాలు కొలిచి, వేరేవాళ్ల పేర్లు రాశాడు. కాని శిస్తు సొమ్ము కంపెనీకే చేరింది.

మళ్లీ మట్టెవాడకు

నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ మంత్రిగా ఉన్నప్పుడు, 1860ల తరువాత, ఇటు కూడా రైత్వారీ వచ్చింది. కాని కాగితాలు పటేల్, పట్వారీ చేతుల్లో ఉండేవి. పట్వారీ కలం ఒక గీత గీస్తే పేద రైతు పొలం దొర పేరు మీదికి పోయేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. 1940లలో జరిగిన మాట ఇది. ఆమె సంగం వాళ్లను కూడగట్టుకుని పంట ఇంటికి తెచ్చుకున్నది. హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఆమె పేరే పెట్టారు. పటేల్ పట్వారీల పదవులు 1984లో పోయాయి.

చట్టాలు కూడా మారాయి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా భర్త చనిపోతే అతని వాటాలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే తల్లికి సమానంగా వస్తుంది. తాతల నాటి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి హక్కు మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది. దేశమంతటా 2005లో వచ్చింది.

ఇక మరిది ఇచ్చిన కాగితం. దాన్ని అరుగు మీద పరిచి ఒక్కొక్క వరుస చదివారు. మూడో వరుసలో ఇలా ఉంది: సదరు భూమిలో నాకు గాని నా పిల్లలకు గాని ఎటువంటి హక్కు లేదు. చదువుతున్న ఆమె ఆగిపోయింది. పెద్దమ్మ తనే వేలు పెట్టి ఆ వరుసను మళ్లీ చదివింది.

"నా పిల్లలకు గాని" అని రెండుసార్లు అన్నది.

ఆమెకు కొడుకు, కూతురు ఉన్నారు. ఇద్దరినీ తీసుకుని తెల్లారి తహసీల్దారు కచేరికి పోయింది. విరాసత్ కోసం దరఖాస్తు పెట్టుకున్నది. అంటే చనిపోయిన పట్టాదారు పేరు తీసి వారసుల పేర్లు ఎక్కించమని అడగడం. మరణ ధ్రువపత్రం కావాలన్నారు. వారసుల వివరాలు రాయమన్నారు. కూతురి పేరు ఎందుకమ్మా, పెండ్లయింది కదా అని పక్కన నిలబడ్డ ఒకాయన అడిగాడు. "పెండ్లయితే బిడ్డ కాకపోతదా?" అని పెద్దమ్మ మూడు పేర్లూ రాయించింది.

పని ఇంకా కాలేదు. మళ్లీ రమ్మని ఒక చీటీ ఇచ్చారు. చీటీ మీద తారీఖు ఉంది. ఇంటికి వచ్చి గోడ మీది క్యాలెండర్‌లో ఆ తారీఖు వెతికి దాని చుట్టూ పెన్నుతో గీత గీసింది.